పూత లేని పన్నెండు తొడుగులు

మా ముత్తాత ఆదోనిలో ఆయిలింజను పెట్టి పత్తి నుంచి గింజ తీసే మిల్లు నడిపినవాడు. మా తాత ఆ మిల్లుకు బేళ్లు కట్టే ప్రెస్సు కలిపాడు. పత్తి మార్కెట్లో ఆయన వచ్చి కుర్చీలో కూర్చునేదాకా వేలం మొదలయ్యేది కాదని నా చిన్నప్పుడు కూడా ముసలివాళ్లు చెప్పుకునేవారు. పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల భాగాల తగాదాలు పట్టుకుని చిప్పగిరి, పత్తికొండ వైపు నుంచి మనుషులు వచ్చి మా ఇంటి ముందు కూర్చునేవారు. ఆయన ఒకసారి చెప్పాక దాని మీద ఇంకో మాట ఉండేది కాదు. మా నాన్న కాలానికి ఆ కుర్చీ మిగిలింది గానీ మార్కెట్లో దానికి చోటు మిగల్లేదు. ఆయన ఏమేమి పోగొట్టాడో వరసగా రాయడం నాకిష్టం లేదు. ఎవరి ముందూ చేయి చాచకుండా పోగొట్టాడు. అంతవరకు చెప్పగలను.

నా దాకా వచ్చింది ఆ మిల్లులో ఒక్క షెడ్డు. అది కూడా నా ఒక్కడిది కాదు, నాకూ మా చిన్నాయన కొడుక్కూ ఉమ్మడిది.

నేను ఇరవై రెండేళ్లు బెంగళూరు శివార్లలో కార్బన్ ఫైబర్ సామాన్లు చేసే వర్క్‌షాపులో పనిచేశాను. మొదట గరుకు పేపరు పట్టి రుద్దే పని, తర్వాత సూపర్‌వైజరు. చేతులతో చేసే పనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఆ సిగ్గు మా బంధువులు నా తరపున పడ్డారు. ఆ వర్క్‌షాపు మూతపడ్డాక ఒక పాత వాక్యూమ్ పంపు, రెండు పెట్టెల పనిముట్లు లారీలో వేసుకుని ఆదోనికి వచ్చాను. షెడ్డు ఊడ్పించి, గోడలకు సున్నం వేయించి, సొంతంగా పని పెట్టుకున్నాను. అప్పటికి నాకు యాభై దాటింది.

కార్బన్ ఫైబర్ అంటే ఏదో లోహం అనుకుంటారు చాలామంది. అది బట్ట. వెంట్రుక కన్నా సన్నని నల్లటి దారాలను పోగులుగా కట్టి, పడుగు పేకలుగా నేసిన బట్ట. దాన్ని అచ్చులో పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులన్నీ మూసి, పంపుతో లోపలి గాలి లాగేస్తాం. గాలి పోయిన చోటికి రెజిన్ అనే జిగురు మెల్లగా పాకుతుంది. అది గట్టిపడ్డాక అచ్చులోంచి తీస్తే ఇనుమంత గట్టిది, అట్టముక్కంత తేలికది వస్తుంది. మామూలుగా దాని మీద అద్దంలా మెరిసే పూత కొట్టి అమ్ముతారు. కొనేవాళ్లకు ఆ మెరుపే కావాలి. ఆ మెరుపు కింద ఎన్ని తప్పులైనా దాక్కుంటాయి. సూది మొనంత రంధ్రాలు పూతతో నిండిపోతాయి. పాలిపోయిన మచ్చలు తడిసి నల్లబడతాయి. వంకరపోయిన నేత మీద వెలుగు జారిపోతుంది.

పూత లేకుండా ఇవ్వడం వేరే పని. అచ్చులోంచి తీసినదాన్ని నీళ్లు పోస్తూ సన్నని వాటర్ పేపరుతో రుద్ది, దానికి ఉన్న కాస్త మెరుపు కూడా చంపేయాలి. రుద్దుతుంటే తెల్లటి నీళ్లు కారినంతసేపూ రెజిన్ తెగుతున్నట్టు. నీళ్లు నల్లబడ్డాయంటే దారం తెగుతున్నట్టు. ఆ ముక్క ఇక పనికి రాదు. ఈ రెండింటి మధ్య ఉన్న మందం గోటితో గీసిన గీతంత. ఓపిగ్గా ఆ గీత లోపల ఆగగలిగితే, చివరకు నేత నేతలాగే కనిపిస్తుంది. పొడిగా, బూడిద కలిసిన నలుపులో, ఒక్కొక్క పోగూ లెక్కపెట్టేట్టు ఉంటుంది. పైన కప్పేదేమీ లేదు కాబట్టి లోపల ఏముందో అదే బయట ఉంటుంది. నాకు ఆ పని నచ్చింది. మెరుపు సామాన్లు బెంగళూరులో వీధికొకరు చేస్తారు. పూత లేకుండా చేసి ఇస్తామనే ధైర్యం తక్కువమందికి ఉంటుంది.

ఆ ధైర్యం ఉందనే నా దగ్గరికి ఒక గిరాకీ వచ్చింది. బెంగళూరులో పాత బైకులను విప్పి, కొత్తగా తయారుచేసి అమ్మే మనిషి. పన్నెండు పెట్రోలు ట్యాంకు తొడుగులు కావాలన్నాడు. పూత వద్దన్నాడు. ట్యాంకు నడిమి గీత దగ్గర రెండు వైపుల నేతా బాణం మొనలా కలవాలన్నాడు. నెలన్నర గడువు. నచ్చితే ఇకమీద తన పనంతా ఏడాది పొడుగునా నాకే ఇస్తానన్నాడు.

అదే వారంలో మా చిన్నాయన కొడుకు షెడ్డుకు కొనేవాడిని చూసి పెట్టాడు. వాడు నాకన్నా ఆరేళ్లు చిన్న. మొహమాటం లేనివాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పాడు.

“అన్నా, ఈ బెంగులూరు పని అయ్యేదాకా ఆగుతా. ఆయప్ప సరే అన్న్యాడంటే షెడ్డు నీకే ఇడుస్తా, నా భాగానికి బాడిగిచ్చుకో. కాదన్న్యాడంటే మాత్రం సంతకానికి రావల్ల. అప్పుడు మళ్ల తాత పేరెత్తుకోని కూసోగూడదు.”

“వస్తా,” అన్నాను.

“గడువు గూడా ఆయప్ప పెట్టిందే. దానికి ఒగ దినం గూడా ఎక్కువ అడగొద్దు.”

“అడగను. నా మాట నీకు చాలదా?”

“నీ మాటకేమన్నా. మన ఇంట్లో మాటలకు ఎప్పుడూ తక్కువ ల్యా,” అని నవ్వి బండెక్కి పోయాడు.

పన్నెండు తొడుగులు సరిగా వస్తే షెడ్డు ఉంటుంది, లేకపోతే పోతుంది. అంత సూటిగా ఉంది వ్యవహారం.

నాకు రుద్దడం వచ్చు. అచ్చులు చేయడం వచ్చు, ఈ ట్యాంకు అచ్చు మూడు వారాల్లో చేశాను. బట్ట పరచడంలో నా చెయ్యి ఎప్పుడూ మొరటే. చదును మీద ఎవరైనా పరుస్తారు. ట్యాంకు వంపు దగ్గరికి వచ్చేసరికి పడుగు ఒక దిక్కుకు, పేక ఒక దిక్కుకు జరిగిపోయేవి. మూడుసార్లు పరిచి మూడుసార్లు తీసేశాను. నాలుగో రోజు ఒక మూర బట్ట కాగితంలో చుట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. నేత వంకర పోయిందో లేదో చీకట్లో చేత్తో తడిమి చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు.

ఒకరిని అడిగితే ఒక ఇల్లు చూపించారు. మగ్గం గుంత మీద పలకలు కప్పి, దాని మీద జొన్నల మూట పెట్టి ఉంది. అరవై దాటిన మనిషి. కళ్లద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. నేనెవరో చెప్పేలోపే నా ముఖం చూసి గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. మా పోలికలు అలాంటివి. వద్దన్నా కూర్చోలేదు. నిలబడే బట్ట అందుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు.

“ఇదేం దారం సావుకారూ, ఎంటిక మాదిరి ఉండాది?”

“కార్బను.”

“బొగ్గా?”

“బొగ్గే అనుకో.”

బొటనవేలి గోరుతో పోగులు లెక్కపెడుతూ పోయాడు. “బొగ్గును నేసినోడు యావడో గానీ, పేక మాత్రం తప్పు పోలే. చీర నేసినట్ల నేసినాడు.”

లోపలి నుంచి ఆయన భార్య అంది: “ఈన చీర నేసి రొండేండ్లాయ. బొగ్గుకన్నా పట్టకపోండి సావుకారూ. ఇంట్లో ఊరికే కూసోని నా వంటకు వంకలు పెడతాండాడు.”

మర్నాటి నుంచి ఆయన ఎమ్మిగనూరు నుంచి తొమ్మిది గంటల బస్సుకు వచ్చేవాడు.

మొదటి రోజు ఆయన బట్టను ముట్టుకోలేదు. అచ్చు చుట్టూ తిరిగాడు. వంపుల మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఏదో కొలుచుకున్నాడు. గ్లౌజులు ఇస్తే వేసుకుని, రెండు నిమిషాల్లో తీసి నా చేతిలో పెట్టాడు.

“ఇవి ఏసుకుంటే నేను కండ్లు లేనోన్ని. పోగు యాడ బిగుసుకుంటాందో ఏలుకే తెల్సేది.”

నేను ఒప్పుకున్నాను. కాకపోతే సబ్బుతో కడుక్కుని, స్పిరిట్‌తో తుడుచుకున్నాకే బట్ట ముట్టుకోవాలన్నాను. అలాగే చేశాడు. ఆయన పరిచే తీరు నేను ఇరవై రెండేళ్లలో ఎక్కడా చూడలేదు. మేము అంచులు పట్టి లాగేవాళ్లం. ఆయన నడిమి గీత దగ్గర మొదలుపెట్టి, వేళ్ల మొనలు ఆనించి, బట్ట తనంతట తాను దిగేదాకా కాచుకునేవాడు. “లాగితే ముడుసుకుంటాది సావుకారూ. దానికి పోవల్లని ఉండాది, దోవ ఇస్తే పోతాది,” అనేవాడు. రోజుకొక తొడుగు. నాలుగు తొడుగులు అయ్యేసరికి బాణం మొనలు నాలుగూ ఒకే చోట కలిశాయి. నేను టేపు పెట్టి కొలిచాను. ఆయన కొలవలేదు.

ఐదో రోజు ఆయన చేతులు చూశాను. ఆ దారం తునకలు కంటికి కనపడకుండా చర్మంలో దిగుతాయి. పైన రోజూ స్పిరిట్. అరచేతులు ఎండిన చెరువు మట్టిలా పగిలి, ఒకటి రెండు చోట్ల రక్తం ఊరుతోంది. సాయంత్రం బజారుకు పోయి శనగనూనె తెచ్చి, ఒక స్టీలు గిన్నెలో పోసి గుమ్మం పక్కన పెట్టాను.

ఆ గిన్నె సంగతి చెప్పాలి. మిల్లు నడిచే కాలంలో మా తాత గుమ్మం పక్కన కంచు గిన్నె నిండా శనగనూనె పెట్టించేవాడు. దూది ఏరే కూలివాళ్లు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రెండు వేళ్లు ముంచి చేతులకు రాసుకోవాలి. గింజ పొట్టు చేతులు కోయకుండా అది. ఆదోనిలో ఇంకే మిల్లులోనూ ఆ పద్ధతి లేదు. మా ఇంటి గురించి ఎవరైనా మంచి చెప్పాలంటే ముందుగా ఆ గిన్నె సంగతే చెప్పేవారు.

“పోయేటప్పుడు రాసుకో అప్పా,” అన్నాను ఆయనతో.

ఆయన గిన్నె వైపు చూశాడు. “మాయమ్మ ఈడనే దూది ఏరింది, మీకు తెల్చునో ల్యాదో. మీ తాత ఈ గడపకాడ నిలబడి చేతులు సూపిచ్చమనేటోడంట. మరీ పగిలుంటే, ఆ పొద్దు పని జేపియ్యకుండా కూలిచ్చి పంపేటోడంట. సచ్చేదాకా సెప్పింది మాయమ్మ.”

నేను గిన్నెను ఆయన వైపుకు జరిపాను.

మర్నాడు పొద్దున ఆయన వస్తూనే గుమ్మం దగ్గర ఆగాడు. రెండు వేళ్లు నూనెలో ముంచి, రెండు చేతులకూ రాసుకుని, తువ్వాలుతో తుడుచుకున్నాడు. వాళ్లమ్మ ఆ గడప దాటేటప్పుడు ఎలా చేసేదో అలా. రాసుకోమన్నది నేనే కాబట్టి ఇక కడుక్కోనక్కర్లేదనుకున్నాడేమో, తర్వాత నేరుగా అచ్చు దగ్గరికి వచ్చి బట్ట అందుకున్నాడు.

నేను చూశాను. నూనె సోకిన దారాన్ని రెజిన్ పట్టదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి గంటలో నేను చెప్పిన మాట అది. చేతులు కడుక్కో అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మా తాత పద్ధతిలో నూనె రాసుకున్న చేతులను కడుక్కోమని మా గడపలో నేనే చెప్పడమా అనిపించింది. తువ్వాలుతో తుడుచుకున్నాడు కదా, ఏం మిగిలి ఉంటుంది అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. అలా ఎనిమిది రోజులు. ఎనిమిది తొడుగులు. రోజూ చూశాను, రోజూ అదే సమాధానం.

పూత లేని పనిలో రంగు ఒక్కలా రావాలంటే అన్నింటినీ వరసపెట్టి ఒకే చెయ్యి రుద్దాలి. అందుకే పన్నెండూ అయ్యేదాకా నేను పేపరు పట్టుకోలేదు. పట్టుకున్నాక మొదటి నాలుగు నేను అనుకున్నదానికన్నా బాగా వచ్చాయి. తెల్లటి నీళ్లు కారుతూ కారుతూ ఆగిపోయే చోట ఆపాను. ఆరబెట్టి ఏటవాలుగా ఎండలో పట్టుకుంటే నేత ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంది.

ఐదో దాన్ని రుద్ది, కడిగి, తుడిచాను. ఆరేకొద్దీ నడిమి గీతకు అటూ ఇటూ నాలుగేసి మచ్చలు పైకి వచ్చాయి. వేలి మొనంత మచ్చలు, పాలిపోయినవి. వాటిలో దారాలు తడవక వెండిలా మెరుస్తున్నాయి. మధ్యలో సూది గుచ్చినట్టు రంధ్రాలు. ఇంకొంచెం రుద్దితే పోతాయేమోనని రుద్దాను. నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. పేపరు కింద పెట్టాను. ఆరోది చూశాను, ఏడోది చూశాను. పన్నెండోది చూసేసరికి సాయంత్రమైంది, గడువుకు ఇంక మూడు రోజులే ఉంది. నడుము పట్టేసింది. అలాగే స్టూలు మీద కూర్చున్నాను.

మర్నాడు ఆయన వచ్చి తొడుగు ముందు వంగాడు. ఏమీ అడక్కుండా తన నాలుగు వేళ్లు ఆ నాలుగు మచ్చల మీద ఆనించాడు. సరిపోయాయి.

“ఇవి నా ఏళ్లు.”

“అవును.”

“నూనెనా?”

“నూనే.”

“నూనె సోకగూడదని మీకు తెల్చునా సావుకారూ?”

“తెలుసు.”

ఆయన తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు. “తెలిసీ సెప్పకపోతిరే. కడుక్కోమంటే కడుక్కునేటోన్ని గదా. నేనేం మీ ఇంటి అల్లున్నా, అలగడానికి?”

నేను ఆ తొడుగును తీసి బల్ల మీద బోర్లా పెట్టాను.

సంగతి తెలిసి మా చిన్నాయన కొడుకు ఫోను చేశాడు. “లాకరు పూత కొట్టేసి ఇయ్యన్నా. పైన మెరుస్తాంటే లోపల ఎవురు సూడొచ్చిరి.” వాడు చెడ్డవాడు కాదు. షెడ్డు పోయినా వాడికి మంచిదే, ఉన్నా వాడికి నష్టం లేదు. నా మీద జాలితోనే చెప్పాడు. నేను కుదరదన్నాను. పూత లేకుండా ఇస్తానని ఒప్పుకున్నదానికి పూత కొట్టి ఇవ్వడం నా చేత కాదు.

గడువు రోజున బెంగళూరు మనిషి కారులో వచ్చాడు. పన్నెండు తొడుగులనూ షెడ్డు బయట ఎండలో వరసగా పెట్టాను. మంచివి ముందు, చెడ్డవి వెనక అని పెట్టలేదు. చేసిన వరసలోనే పెట్టాను. అతను ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుర్రవాడైనా పని తెలిసినవాడు.

“ఈ నాలుగు చాలా బాగున్నాయి సార్. నేత ఇంత నేరుగా పడింది నేను ఎక్కడా చూడలేదు. మరి ఇవి?”

“పాడయ్యాయి. నూనె సోకింది.”

“ఎవరి చేతులివి?”

నేతాయన ముందుకు వచ్చాడు. “నావి సామీ.”

“చేతులు ఆయనవి,” అన్నాను నేను. “నూనె నాది.”

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పే ఓపిక నాకు లేదు. చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టి అన్నాడు: “ఈ ఎనిమిదింటికీ పూత కొట్టించి ఇస్తే తీసుకుంటాను సార్. కానీ పూతవి నాకు ఇంటి పక్కనే దొరుకుతాయి. దానికోసం ఆదోని దాకా రాలేను.”

అందులో తప్పేమీ లేదు. అతని చోట నేనున్నా అదే అనేవాడిని.

నేతాయన నా వైపు చూసి, అతని వైపు తిరిగాడు. “అప్పా, ఇంగో పదైదు దినాలియ్యి. చేతులు కడుక్కోని జేస్తాము. ఎనిమిదీ మళ్ల జేసిస్తాము.”

అతను వెంటనే కాదనలేదు. నా ముఖంలోకి చూశాడు. నేను అడిగితే ఇచ్చేట్టున్నాడు. ఒక్క మాట. సార్ అని కూడా అనక్కర్లేదు, ఇవ్వు అంటే చాలు. ఒక దినం కూడా ఎక్కువ అడగనని నేను చిన్నాయన కొడుకైన మా తమ్ముడికి చెప్పి ఉన్నాను. అది ఒక కారణం. గడువు దాటాక ఇంకొంచెం ఇవ్వమని అడగడం మా ఇంట్లో ఎవరూ చేయలేదు. అది ఇంకో కారణం. నిజం చెప్పాలంటే మూడోది కూడా ఉంది. నేను అలసిపోయాను. ఆ ఎండలో, ఆ పన్నెండింటి ముందు నిలబడి, మళ్లీ మొదటి నుంచి అంటే నా ఒళ్లు ఒప్పుకోలేదు.

“గడువు ఈరోజుతో అయిపోయింది,” అన్నాను.

అతను తల ఊపాడు. నాలుగు తొడుగులను దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకున్నాడు. పోయేముందు నేతాయనను తనతో వచ్చి బెంగళూరులో పనిచేస్తావా అని అడిగాడు. గదీ భోజనమూ ఇస్తానన్నాడు.

“ఆడ తాగే నీళ్లు గూడా కొనుక్కోవల్లంట గదా సామీ,” అన్నాడు ఆయన. “మా ఊర్లో ట్యాంకరన్నా వస్తాది. మా ఇంటామెకు నన్ను తిట్టుకోడానికి ఆ ఊర్లో తోడు గూడా దొరకదు.”

కారు పోయాక మేమిద్దరం మిగిలిన ఎనిమిదింటినీ లోపలికి మోసుకొచ్చాం. బస్సుకు ఇంకా టైముంది. ఆయన పంపు చుట్టూ పైపులు చుట్టిపెట్టాడు. మిగిలిన బట్ట తునకలను మడిచి ఒక పక్కన పెట్టాడు. పోయేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, “అడిగింటే ఇచ్చేటోడు సావుకారూ,” అన్నాడు. కోపంగా కాదు. వానొస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు నేను ఎమ్మిగనూరు పోయాను గానీ ఆయన ఇంటి వీధిలోకి పోలేదు.

మా తమ్ముడికి నేనే ఫోను చేశాను. వాడు చేసేదాకా ఆగడం నాకు నచ్చలేదు. సంతకానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పిన టైముకన్నా అరగంట ముందే రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాను. వాడు పక్కన కూర్చుని, “అన్నా, ఇడ్లీ తింటివా?” అని అడిగాడు. తిన్నానన్నాను. తినలేదు. పిలిచినప్పుడు లేచి, చూపించిన చోటల్లా పూర్తి పేరు రాశాను.

షెడ్డూ దాని కింద ఉన్న ముప్పై ఆరు సెంట్ల స్థలమూ టమోటా పెట్టెల గోడౌను కోసం పత్తికొండ వ్యాపారి కొన్నాడు. వాక్యూమ్ పంపును అచ్చుతో కలిపి హోసూరు మనిషికి విడిగా అమ్మాను.